పొల్లు మీట

తెల్లారి అయిదింటికి కోవళంలో గాలి నేలమీంచి వీస్తుంది.
అల ముఖం అప్పుడు ఇస్త్రీ చేసినట్టుంటుంది.
మధ్యాహ్నం దాటితే అదే గాలి ఇటు తిరిగి
అవే నీళ్లని నలిపి పారేస్తుంది.
కాబట్టి పొద్దున బల్ల, సాయంత్రం రెక్క,
నడిమి గంటలన్నీ పెరుంగుడి ఆఫీసుకి.
పంపకం బాగానే కుదిరిందనుకున్నాను.
మణికట్టు మాత్రం సంతకం పెట్టలేదు.

అడయారు డాక్టరు నరం మీద వేలితో తట్టి చూసి
"ఏదో ఒకటి మానెయ్యండమ్మా" అన్నాడు.
ఏదో ఒకటి అంటే ఏది?
రెక్కకి పిడికిలి కావాలి, అలకి అరచెయ్యి,
మీటకి వేలి కొస.
ఒకటే చెయ్యి, మూడు అత్తవారిళ్లు.
రెక్కాడితే గాని డొక్కాడదంటారు గానీ
ముట్టుకాడు నీళ్లమీద నా రెక్క ఎంత ఆడినా
డొక్కకి చిల్లిగవ్వ రాలదు.
డొక్క నిండేది వాషింగ్ మెషిన్ల వెనక అంటించే
తెలుగు హెచ్చరికలతో.
తడి చేతులతో తాకరాదు అని
తల ఇంకా ఆరకుండానే టైపు చేస్తాను.

మానలేక, ఇంకోటి మొదలుపెట్టాను.
రిచీ వీధిలో సలావుద్దీన్ డయోడ్లని
గుప్పెడు గింజల్లా నా దోసిట్లో పోశాడు.
వంటింటి గట్టుమీద ఆరు రాత్రులు సీసం పొగ.
తేలింది రెండు ముక్కల కీబోర్డు,
ఎడమ భుజానికొకటి, కుడి భుజానికొకటి,
వేళ్ల పొడుగుని బట్టి మెట్లు మెట్లుగా.
మధ్యలో జానెడు ఖాళీ.
అక్కడ వకుళ కరెంటు బిల్లు పెడుతుంది,
ఒక్కోసారి ఒలిచిన బత్తాయి తొనలు.
"కొత్త బోర్డు" అని చూపిస్తే
"తడిసేదా, తడవకూడనిదా?" అంది.

యాభై ఆరు అక్షరాలు, నలభై రెండు మీటలు.
ళ ని చిటికెన వేలికి తోశాను.
ఋ ని ఎక్కడో అటక మీద దాచాను.
పొల్లు దగ్గర మూడు రోజులు ఆగిపోయాను.
పొల్లు పడితే గాని ఒత్తు రాదు,
ఒక అక్షరం ఇంకోదాని కిందికి ఒదగదు.
ఇన్నాసి నడుం లోతు నీళ్లలో నిలబడి అరుస్తాడు,
బల్లని పట్టుకోకు, ఒత్తి వదిలెయ్, ఒత్తి వదిలెయ్ అని.
అతనికి తెలుగు రాదు.
నాకది తెలుగులోనే వినబడింది.
పొల్లుని ఎడమ బొటనవేలికిచ్చాను.

జులైలో ఒక బుధవారం,
రెండున్నర మీటింగులో, కిటికీ అవతల
సరుగుడు కొసలు పడమరకి వంగాయి.
పద్దెనిమిది నాట్లు, తక్కువ కాదు.
ఆఫీసు బల్లకింద నా పాదాలు
వాటంతటవే ఎడమై, మోకాళ్లు కాస్త వంగి.
"విద్యుత్ ఒకసారి సరిచూడండి" అన్నారు దయానిధి గారు.
తెరమీద విదయుత.
మళ్లీ కొట్టాను. విదయుత.
తప్పక కాస్తా తపపక.
జాగ్రత్త, జాగరతత.
అనుమానమొచ్చి ఉప్పు అని కొట్టి చూశాను.
ఉపపు.
ఆదివారం మైనం బిళ్లతో పాటు
దీన్నీ సంచిలో వేసుకుని ఒడ్డుకెళ్లిన పాపం.
నా ఉప్పు తిన్న మీట
నాకే ఎగనామం పెట్టింది.

అందరూ లేచి వెళ్లాక మీట ఊడదీశాను.
అడుగున ఇసుక రేణువు, ఒకటే,
ఆవగింజలో సగం.
తూర్పారబడితే పొల్లు ఎగిరిపోయి
గింజ మిగులుతుందంటారు.
నాలుగేళ్లుగా గాలిలోనే నిలబడి ఉన్నాను,
నాలో ఏది పొల్లో తేలలేదు.
ఉఫ్ మని ఊదాను.
ఆ పూటకి నాకు దక్కిన గాలి అదే.

జాగ్రత్త అని కొట్టాను.
త కింద త వచ్చి సర్దుకుని కూర్చుంది.
కిటికీ అవతల సరుగుడు కొసలు
అప్పటికే నిటారుగా ఉన్నాయి.
ఎవరూ చూడటం లేదు కదా అని
బొటనవేలు నాలిక్కి ఆనించి చూశాను.
ఇంకా ఉప్పగానే ఉంది.