చెవి గాట్లు

రాత్రి బడి ఏడున్నరకి.
అంటే మంద దొడ్డికి చేరాక,
ఆఖరి గొర్రె లెక్కకి వచ్చాక.
రాకపోతే ఆ రాత్రి బడి లేదు.
మాసేరులో మాకిచ్చిన కాలపట్టికలో
ఈ సంగతి లేదు.

అక్కడ చెప్పారు, పెద్దవాళ్ళు ఖాళీ కుండలు కారని.
నోట్సులో ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను.
గీసుకుని,
కుండల్లో పోయడానికి బోలెడు మోసుకుని
కొండెక్కాను.

మొఖోత్లోంగ్ దాటాక పొట్టి గుర్రం మీద నాలుగు గంటలు.
రాతిగోడల గది, కిరోసిన్ దీపం, పిడకల పొగ.
దుప్పట్లు కప్పుకుని పదకొండు మంది మగవాళ్ళు.
ఈ కొండల్లో చదువు ఎక్కువగా ఆడపిల్లలది.
మగపిల్లాడి చేతికి ఏడో ఏట కర్ర వస్తుంది,
కర్ర వెనకే మంద.
పెద్దయ్యాక ఉత్తరం వస్తే పెళ్ళాం చదివి పెడుతుంది,
ఏది పైకి చదవాలో, ఏది మింగాలో
ఆవిడ ఇష్టం.

మొదటి రాత్రి బోర్డు మీద బంతి వేశాను.
కింద పేరు రాశాను. అనమన్నాను.
వెనకనుంచి న్తాతే సెఖొబె దగ్గాడు.
వెల్కొమ్ గనుల్లో ఇరవై ఆరేళ్ళు
బంగారం తవ్వి తెచ్చుకున్న దగ్గు.
అది ఆగేదాకా అందరం ఆగాం.
"టీచరమ్మా, బంతితో నాకేం పని?
గనివాళ్ళ కాగితం ఉంది.
నా ఊపిరితిత్తులకి ఎంత కట్టారో అందులో ఉందట.
ముగ్గురు చదివిపెట్టారు.
మూడు రకాలుగా."

బంతిని తుడిచేశాను.
మా మొదటి పాఠం ఊపిరితిత్తులు.
మా భాషలో అది ఎనిమిది అక్షరాల మాట.
ఏ వాచకమూ అంత కష్టంతో మొదలవదు.
తొమ్మిది రాత్రులు పట్టింది.
సుద్దముక్కని ఉలిలా పట్టుకుని
పలకని తవ్వాడు ఆయన.

మొక్కై వంగనిది మానై వంగునా
అనడానికి ఇక్కడ మానులే లేవు.
ఉన్నదంతా గడ్డి.
ఎండిన గడ్డి కూడా గాలికి వంగుతుంది,
కాకపోతే కాస్త చప్పుడు చేస్తుంది.

మోజలెఫా మాత్రం పది రాత్రులకే చేతులెత్తేశాడు.
"నా తల రాయి. వదిలెయ్యి."
మర్నాడు అతని మందలో ఒక కొత్త గొర్రె కలిసింది.
దాని కుడిచెవి మడిచి చూశాడు,
ఎడమచెవి వెలుతురుకి ఎత్తి చూశాడు.
"ఈ పిట్టతోక గాటు అవతలి లోయవాళ్ళది.
దీని మీద ఎవరో ఇంకో గాటు కోశారు.
అంచు చూడు, ఇంకా గులాబీ రంగు పోలేదు.
దొంగసొత్తు ఇది. రెండు చేతులు మారింది.
ఇప్పుడు నువ్వు చదువు."

చూశాను.
చెవి కనిపించింది.
ఇంకేమీ కనిపించలేదు.

శిక్షణలో మాకు పాస్ మార్కులు వచ్చాయి,
ధ్రువపత్రం మీద ముద్ర కూడా ఉంది.
ఆ గొర్రె ముందు నేను వేలిముద్రదాన్ని.
మోజలెఫా నవ్వలేదు.
నా చూపుడువేలు పట్టుకుని
ఆ చల్లటి చెవి అంచు మీద నెమ్మదిగా నడిపించాడు.
తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచి.
ఆ రాత్రి తనంతట తనే వచ్చి
ముందు వరసలో కూర్చున్నాడు.
నేను బాగా మందమతినని
పక్కవాడితో అంటుంటే వినిపించింది.

చలికాలం సగమయ్యాక
న్తాతే సెఖొబె కాగితం విప్పాడు.
మడతల దగ్గర చిరిగిపోయింది అప్పటికే.
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ
ఆ అంకె దాకా వచ్చాడు.
అక్కడ ఆగాడు.
ముగ్గురు చెప్పిన మూడింటికంటే అది తక్కువ.
అబద్ధమాడిన ముగ్గురిలో ఒకరు ఆయన భార్య.

దీపం ఒత్తి ఎవరూ పెంచలేదు.
కాగితం మడిచి, టోపీలో పెట్టుకుని అన్నాడు,
"రేపు తీసివేతలు చెప్పు."

మర్నాడు మంచు పడింది.
ఒక గొర్రె లెక్కకి రాలేదు, బడి లేదు.
లాంతరు పట్టుకుని నేనూ వాళ్ళతో వెళ్ళాను.
వాగు దగ్గర గాలికి లాంతరు ఆరిపోయింది.
వణుకుతున్నదేదో చేతికి తగిలితే
చెవి తడిమి చూశాను, కుడిది, తర్వాత ఎడమది.
"మనది కాదు" అని అరిచాను చీకట్లోకి.