నాలుగు సెకండ్లు

కలెక్టరేట్ల మూడో అంతస్తు.
ఏసీ నడవదు, ఫ్యాను నడుస్తది.
నల్లగొండ ఎండ కిటికీ అద్దానికి వీపు ఆనించి
మాతోటే పాఠం ఇంటున్నది.

మర్రిగూడ మండలాఫీసు నుంచి నేను,
రికార్డు అసిస్టెంటు ఇద్దయ్య.
సర్వీసు ఇంక ఏడు నెలలు.
నాకెందుకు సార్ ఈ ట్రైనింగు అంటే
లిస్టుల పేరున్నది, పో, అన్నడు సూపరింటెండెంటు.

పాఠం చెప్పే పిల్ల నౌషీన్, మిర్యాలగూడ.
ఎనిమిది తీగలు నా చేతుల పెట్టి
ఎక్కం లెక్క చదివించింది:
తెలుపు నారింజ, నారింజ,
తెలుపు ఆకుపచ్చ, నీలం,
తెలుపు నీలం, ఆకుపచ్చ,
తెలుపు గోధుమ, గోధుమ.
ముప్పై నాలుగేండ్లు ఫైళ్ళకు నాడాలు కట్టిన వేళ్ళు
నూలుపోగంత తీగకు వణికినయ్.

మొదటి కేబులు టెస్టర్ల పెడితే
మూడు తర్వాత ఆరు వెలిగింది.
'నీలం, ఆకుపచ్చ జాగలు మారినయ్ సార్,
కోసెయ్యండి, మళ్ళ చెయ్యండి.'
తప్పు ఇంత అల్కగ దిద్దుకోవచ్చని
ఏ ఆడిట్ పార్టీ నాకు చెప్పలే.

ప్రతి కంప్యూటర్‌కు ఒక నంబరుంటదట,
నాలుగు ముక్కలు, నడుమ చుక్కలు.
నాకు సర్వే నంబర్లు యాదికొచ్చినయ్,
బై నంబర్లు, వాటికి మళ్ళ బై నంబర్లు.
ఒక్క నంబరు ఇద్దరికిస్తే ఏమైతది మేడం?
'ఇద్దరికీ తిప్పలే.'
క్లాసంత నవ్వింది. వెనక కుర్చీల
రెవెన్యూ ఆయనొక్కడే నవ్వలే.

స్విచ్చంటే ఆఫీసు లోపలి తపాలు,
ఎవరి టేబుల్ ఏదో దానికెరుక.
కాంపౌండు దాటాలంటే రౌటర్,
దర్వాజ అనుకోండి సార్, అన్నది.
చిట్టీ ముక్కలు ముక్కలై
ఏ ముక్క ఏ తోవన పోయినా
అవతల వరసగ కూడుకుంటదట.
తప్పిపోయిన ముక్కకు మళ్ళ కబురు పోతదట.
కబురు పోతదా!
నోటుబుక్కుల రెండు గీతలు కొట్టుకున్న.

పోయినేడు నాంపల్లి కాడ జేసీబీ పన్ను తగిలి
మూడు దినాలు నెట్ రాలే.
'సర్వర్ డౌన్' అని అట్ట మీద రాసి నేనే ఏలాడదీసిన.
డౌనయింది సర్వర్ కాదు, తెగింది తీగ అని
ఇయ్యాల తెలిసింది.
తీగ అతికిండ్రు. అట్ట ఇంకా ఆడనే ఉన్నది.

పులిహోర పొట్లాల తర్వాత పింగ్.
'ఉన్నవా' అని అడుగుడు,
'ఉన్న' అంటే ఇనుడు. గంతే.
లేని నంబరుకు కొట్టి చూపెట్టింది.
నల్ల తెర మీద తెల్లటక్షరాలు,
గడువు దాటింది, గడువు దాటింది,
నాలుగు సార్లు.
ఎంతసేపు చూస్తది మేడం?
'నాలుగు సెకండ్లు.
రాకపోతే రాలేదని చెప్తది.'

నా బీరువల అడుగు అర కదిలింది మనసుల.
అండాలు.
ఫ్లోరైడ్ నీళ్ళకు నడుము వంగి
నేలతోనే మాట్లాడుకుంట నడిచే మనిషి.
వేలిముద్ర పడక పింఛనాగి
పదకొండు దరఖాస్తులు పెట్టింది.
ప్రతిసారి ఇన్వర్డ్ నంబరేసింది ఈ చెయ్యే.
ఉన్నరా అని పదకొండు సార్లు అడిగింది.
లేమని కూడా చెప్పలే మేము.

సోమవారం
నేను చేసిన కేబులే గుచ్చిన.
స్విచ్చు మీద పచ్చ దీపం కొట్టుకున్నది.
'రిటైరైనంక దుకాణం పెట్టు తాతా'
ఆపరేటర్ సంపత్ నవ్విండు.
ముందుగాల అట్ట పీకిన.
బీరువ తీసిన. దుమ్ము, బల్లిగుడ్డు పెంకులు.
పదకొండు కాయితాలు తారీఖుల వరసన పేర్చి
సూపరింటెండెంటు ముందల పెట్టిన.

ఆయన తలెత్తలే.
నేను కదల్లే.
ఒకటి. రెండు.
మూడు.