రెండో కణుపు దాకా

మొదట కంట్లో నలుసనుకున్నాను.
తర్వాత కాఫీలో తేలింది,
లాప్‌టాప్ మీద ఫుల్‌స్టాప్‌లా వాలి
వాక్యం మధ్యలోంచి లేచిపోయింది.

నుసుములు.
కగ్గదాసపురలో మూడో అంతస్తు,
ఒకటే గది, ఒకటే కిటికీ,
కిటికీలో పీస్ లిల్లీ కుండీ.
మూడు వారాల ముసురు.
ఆవగింజలో సగం లేని ప్రాణాలు
నా ముక్కు చుట్టూనే ఎందుకు కాపురం పెట్టాలి?

పసుపు అట్టకి ఆముదం పూసి మట్టిలో గుచ్చాను.
పొద్దుటికి నలభై ఒకటి.
లెక్కపెట్టాను, సిగ్గులేకుండా.
బంగాళదుంప చక్రం బోర్లించి తీస్తే
అడుగున దారప్పోగుల్లాంటి పురుగులు, నల్లటి తలలతో.
ఆ పూట ఆలూ వేపుడు మానేశాను.
వేపపిండి చల్లితే
గదంతా ఎరువుల కొట్టయింది.
నుసుములకి మాత్రం అదేం పట్టలేదు.

నర్సరీ నంజుండప్ప అట్ట చూడలేదు, నా మొహం చూశాడు:
"నీరు జాస్తి ఆయ్తు, మేడం."
నేనా? శనివారం శనివారం ఒక్క గ్లాసు!
ఆయన నమ్మలేదు.
ఇంటికొచ్చి మట్టిలో వేలు పెడితే
అడుసు.

రోజ్‌లిన్‌ది నైట్ డ్యూటీ, నాది పగలు.
ఒకే మంచం, ఒకే దిండు,
ఆమె తల ఒత్తిన గుంటలో నా తల.
తొమ్మిది నెలల్లో కలిసి భోంచేసింది
నాలుగుసార్లు.
మిగతాదంతా తలుపు మీద చీటీలు:
గ్యాస్ బుక్ చేశా. పాలు విరిగాయి.

ఆ మంగళవారం జ్వరమొచ్చి ఉండిపోయాను.
ఏడున్నరకి వచ్చింది. బూట్లు విప్పకుండానే
బ్యాగులోంచి సీసా తీసి
అడుగు నీళ్ళన్నీ కుండీలో వంచేసింది.
"రోజూనా?" అన్నాను దుప్పట్లోంచి.
ఉలిక్కిపడింది.
"రాత్రంతా సెలైన్ చుక్కలు లెక్కపెట్టి వస్తానా,
ఇక్కడ ఒక్కదానికైనా
గబగబా పోయాలనిపిస్తుంది."

ఏమంటాను?
ఇద్దరం కలిసి పైమట్టి గీకి పారేశాం,
అరంగుళం ఇసుక పరిచాం,
"వేలు రెండో కణుపు దాకా పొడిగా దిగితేనే నీళ్ళు"
అని చీటీ రాసి అంటించాం.

ఆకులు వేలాడాయి.
ఆమె నావంక చూసింది. నేను ఎటో చూశాను.
ఆరో రోజు ఒక్క గ్లాసు.

పన్నెండో రోజు అట్ట మీద మూడే.
ఈ సాయంత్రం వచ్చి చూస్తే
ఇసుకలో ఆమె వేలి గుంట, సన్నగా.
పక్కనే నా వేలూ దించాను.
కణుపు దగ్గర ఇంకా చల్లగా తగిలింది.

చీటీ మీద రాశాను:
ఇంకో రెండ్రోజులు ఆగు.
అన్నట్టు, ఆదివారం నీకు సెలవేనా?