తాళాలు పట్టుకున్న చేతులు

బొమ్మలో ఆ రాణి ఎవరో నన్నడక్కండి.
చేతులు మాత్రం నావి.

కొస్త్రొమాలో, వోల్గా గడ్డకట్టిన నెలల్లో
మంచుకు గొడ్డలితో కన్నం పొడిచి
పరాయివాళ్ళ దుప్పట్లు జాడించేదాన్ని నేను, ఉలీతాని.
పోర్ఫిరీ జఖారిచ్ ఒడ్డున నిలబడి
నా ముఖం వంక చూడనే లేదు.
"రోజుకు ఇరవై కొపెక్కులు. ఆ చేతులు తీసుకురా" అన్నాడు,
వాటినేదో మూటగట్టి విడిగా పంపొచ్చన్నట్టు.

పాత స్నానాల కొట్టం ఆయన పనిచోటు.
గోడంత గుడ్డ. గుడ్డ మీద ఓ కోట,
కోట బయట మాస్కో సైన్యం,
నాలుగు వందల ఏళ్ళ కిందటి పొద్దు.
ఓడిపోయిన రాణి ఊరి తాళాలు అప్పగిస్తోంది.
గుర్రాల ముక్కుల్లో ఆవిరి ఉంది, బిషప్‌కు గడ్డం ఉంది,
రాణికి మాత్రం మోచేతుల దగ్గరే లోకం అయిపోయింది.

ఇనుప తాళాల గుత్తి నా చేతుల్లో పెట్టి
"ఇలాగే ఉండు" అన్నాడు.
ఉన్నాను. పొయ్యి ఆరిపోయినా ఉన్నాను.
మూడోనాడు నోరు ఊరుకోలేదు:
"అయ్యా, అంత చలిలో ఇనుము ఒట్టిచేత్తో పడితే
తోలు ఊడి దానికే అతుక్కుంటుంది.
రాణి అని చలికేం తెలుసు?"

కుంచె పళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.
పీటర్స్‌బర్గ్ అకాడమీలో ఎనిమిదేళ్ళు,
రోమ్‌లో మూడేళ్ళు, ఓ బంగారు పతకం.
ఈ ముక్క ఎవరూ చెప్పలేదట.
నా భుజం మీది తువ్వాలు లాక్కుని
తాళాల కింద మడతపెట్టాడు.
నీలి అంచు తువ్వాలు. మా అమ్మ నేసింది.

ఆయన కథ రంగు నూరేటప్పుడు ముక్కలుగా రాలేది.
తండ్రి పల్లె చర్చిలో డీకన్.
పన్నెండేళ్ళకే దేవుళ్ళ పటాలకు ఆకాశం పూసే కూలి:
ముఖాలు మేస్త్రీవి, నీలం కుర్రాడిది.
రోమ్ ఎండలో ఏడుపొచ్చిందట
మంచు ఎలా ఉంటుందో మర్చిపోతానేమోనని.
భార్య గ్లఫీరా మాట వస్తే
తెల్లరంగు మరీ గట్టిగా నూరేవాడు.

మూడు చలికాలాలు.
అప్పుడు రాజధాని నుంచి నలుగురొచ్చారు, బొచ్చు కోట్లలో.
గుర్రాలను మెచ్చారు. చేతుల దగ్గర ఆగారు.
"రాచబిడ్డకు ఈ వాపులేమిటి, ఈ పగుళ్ళేమిటి?
ఉడికిన బీట్‌రూట్ దుంపల్లా!"
నేను మూల బకెట్ పక్కనే ఉన్నాను.
చేతులు వాటంతటవే ఏప్రాన్ కిందికి పోయాయి.

ఆయన వాదించాడనుకుంటారు మీరు.
లేదు. కట్టెలవాడికి బాకీ, గుడ్డకు బాకీ.
రాత్రికి రాత్రే నా వేళ్ళ మీద
ముత్యాలు కుట్టిన తెల్ల తొడుగులు వేసేశాడు.
పొద్దున్నే, తల ఎత్తకుండా,
లెక్క కన్నా ఓ రూబుల్ ఎక్కువ ఇచ్చాడు.
తీసుకున్నాను. ఎందుకు తీసుకోను?

ఆ తర్వాత కళ్ళకు పొరలు కమ్మాయని విన్నాను,
చివరి బొమ్మలో సైన్యమంతా పొగమంచేనని.
నది కరిగే వారంలో పోయాడు.
బళ్ళు దాటే దారి లేక
శవపేటిక ఈ ఒడ్డునే నాలుగు రోజులు ఆగింది.

ముప్పై ఏళ్ళకు, మేనకోడలు వార్వారా
రైలెక్కించి మ్యూజియంకు తీసుకెళ్ళింది.
దగ్గరికి పోయాను. ఇంకా దగ్గరికి.
తెలుపు పలచబడింది.
తొడుగుల లోంచి ఎర్రగా, మెల్లగా,
కణుపు కణుపూ పైకి తేలుతోంది.
సీసపు తెలుపు ఏళ్ళు గడిస్తే నిలవదని
ఆయనే చెప్పాడొకసారి.
తెలిసే పూశాడో, చేతిలో ఉన్నదదే అని పూశాడో.

"వెనక్కి జరుగమ్మా" అన్నాడు కాపలావాడు.
జరిగాను. అయినా వాడితో చెప్పాను:
తాళాల కింద చూడు నాయనా, నీలి అంచు.
అది మాది.
ఇంతవరకూ తిరిగివ్వలేదు.