ఎనిమిదిన్నర

మండలాఫీసు వెనక, ముళ్లకంచె లోపల,
మోకాలెత్తు డబ్బా ఒకటి. రంగు వెలిసింది.
ఇరవై రెండేళ్లుగా పొద్దున్న ఎనిమిదిన్నరకి
గరాటా ఎత్తి, సీసాలో నీళ్లు
కొలగ్లాసులోకి వంచి,
కంటికి సమానంగా పట్టుకుని
గీత చదువుతాను. రాస్తాను. పారబోస్తాను.
నా ఉద్యోగంలో ఆకాశం పాలు అంతే.
మిగతాదంతా టీలూ ఫైళ్లూ.

మొదట్లో అనుకునేవాణ్ణి,
ఎవరిక్కావాలి ఈ లెక్క అని.
చూరు కింద బిందె పెట్టుకున్న ప్రతి ఇల్లాలికీ
తెలుసు గదా రాత్రి ఎంత కురిసిందో.

పేర్రాజు గారు చెరువు గట్టు మీంచే ఫోన్ చేస్తారు:
"ఏవండీ, మబ్బు వీడుద్దంటారా?"
పడిన వాన చెప్పేవాణ్ణి,
పడబోయేది నాకేం తెలుసు?
అయినా అడుగుతారు.
మూడు రోజులు ఎండ మొహం చూపకపోతే
తెల్లారగట్ల నీళ్లలో ఊపిరి తగ్గి
రొయ్య పైకొచ్చి మీసాలాడిస్తుందట.
ఆ రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి.
డీజిలు హోరుకి కప్పలు కూడా నోరు మూసుకుంటాయి.

నాగమల్లేశ్వరికి మిల్లీమీటర్లు అక్కర్లేదు.
కాలిన కుండ వీపు మీద పిండిగుడ్డ లాగి
రేకు లేచే చప్పుడు వింటుంది.
చిటచిటమంటే సరే.
మెత్తబడి వేలికి అంటుకుంటే
"సముద్రంలో ఏదో పుట్టిందిరా" అంటుంది.
మర్నాడు టీవీలో అదే మాట,
ఇంకాస్త గంభీరంగా.

గనిరాజుది వేరే అంకె.
వడ్లు రోడ్డు మీద ఆరబోసి
పాదాలతో సాళ్లు తీస్తూ తిరగేస్తాడు పొద్దస్తమానం.
మిల్లు దగ్గర చిన్న మిషను
గుప్పెడు గింజలు మింగి, ఇరవై రెండు అంటుంది.
పదిహేడు ఉండాలి.
తడి ఆకాశానిది, తరుగు అతనిది.
ఒకరోజు ఫోన్లన్నీ ఒక్కసారే కూశాయి, పిడుగులు జాగ్రత్త అని.
బరకాలు పట్టుకుని పరుగెత్తిన ఊరు
సాయంత్రం దాకా ఎండలో నిలబడింది.
మర్నాడు ఏ ఫోనూ కూయలేదు.
వాన వచ్చింది.

ఆ అక్టోబరు సంగతి.
మేఘం లంక మీదే కుమ్మరించి వెళ్లిపోయింది.
పాయకి ఇవతల, నా డబ్బా మీద,
పలకరింపుగా నాలుగు చినుకులు.
లంకవాళ్లు పన్నెండుమంది వచ్చారు, మోకాళ్ల దాకా బురద.
పనలు తేలిపోతున్నాయన్నారు.
ఏదో గీత ఉందట, అంకె అది దాటితేనే
మండలం పేరు జాబితాకి ఎక్కేది.
"మీ గ్లాసులో ఎంతండీ?"
రెండు పాయింటు నాలుగు.
ఎవరూ తిట్టలేదు.
గనిరాజు గ్లాసు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు,
కంసాలి దగ్గర తాకట్టు సొమ్ము చూసుకున్నట్టు.
"ఇంతేనా" అన్నాడు.

కంచె పక్కనే కుళాయి.
ఒక్క చెంబు చాలు.
పోశానో పోయలేదో
ఇంట్లో కూడా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.
రిజిస్టరు బీరువాలో ఉంది. నీలం సిరా.
ఆ రోజు గడిలో అంకె కాస్త అలుక్కుపోయింది.
చినుకు పడి ఉంటుంది.

ఇప్పుడు కంచెలో తెల్ల స్తంభం నాటారు.
తిరిగే గిన్నెలు మూడు, నెత్తిన సోలారు పలక.
పావుగంటకోసారి ఎవరితోనో తనే మాట్లాడుకుంటుంది.
దానికి కుళాయి కనపడదు,
మోకాళ్ల బురదా కనపడదు.
మంచిదే అంటున్నారు. మంచిదే కావచ్చు.
లంకలో కూడా ఒకటి పెట్టమని కాగితం రాయించాను.
రెండుసార్లు తిరిగొచ్చింది, సంతకం సరిగా లేదని.

పాత డబ్బా తీసెయ్యమని ఆర్డరు రాలేదు.
నేనూ అడగలేదు.
ఇవాళ సీసా పొడిగా ఉంది, గరాటాలో సాలీడు.
దాన్ని పుల్లతో తీసి కంచె మీద వదిలి
సున్నా అని రాశాను.
అప్పటికి ఎనిమిదిన్నర దాటి
అయిదు నిమిషాలయింది.