పైకి పోయే బరువు

మురకంబట్టు సందులో మా టెంపో షెడ్డు
పోయిన కార్తీకం గాలికి
ఆరు రేకులు పోగొట్టుకునింది.
నాలుగు దొరికినాయి:
ఒకటి పాలకేంద్రం గోడ మీద,
మూడు చెరకు తోటలో, ఎవరో నాటినట్టు.
మిగతా రెండూ ఎవరి కోళ్ళగూటికి కప్పయినాయో
అడగడం మానేసినాను.

చెంగల్రాయులు మేస్త్రి వచ్చి
టేపు బయటికి తీయలేదు.
గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి
అడిగినాడు:
"అటక మీద ఏం పెడతావు? ఎంత బరువు?"

పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే సామాన్లు మావి.
ఇత్తడి గుండిగలు, సాంబారు బకెట్లు, గంగాళాలు,
గరిటెలు ఎన్నుండాయో చెప్పగలను,
ఏ గరిటె ఎవరింటి పెళ్ళిలో మాయమైందో కూడా చెప్పగలను.
బరువు ఎప్పుడూ తూచలేదు.
ఇరవై ఏండ్లు మోసిన చేతికి
బరువంటే కిలోలు కాదు,
ఎక్కాల్సిన మెట్లు.

టెంపోకెత్తి బెల్లం మండీ కాటా మీద పెట్టినాం.
ఆరు వందల నలభై.
మేస్త్రి దానికి సగం మళ్ళీ కలిపి
బీడీ కట్ట మీద రాసుకున్నాడు.
"రేపు నువ్వు కొనబోయేది కూడా
ఈ దూలమే గదా మోయాల."

పని మొదలైనాక ఒక్కొక్కటే చెప్పినాడు.
ఏటవాలు వాసాలు ఊరికే ఉండవంట.
తలా తలా ఆనించుకొని
కాళ్ళతో గోడల్ని బయటికి తంతాయంట.
వాటి పాదాలు కలిపి కట్టేది అడ్డదూలం.
"నువ్వు దాన్ని అటక అంటావు,
నేను నడికట్టు అంటాను."

నడుమ నిట్టాడు.
కింద నుంచి మోసేదాన్నే నిట్టాడంటారనుకున్నా ఇన్నాళ్ళూ.
ఇక్కడది పైనుంచి వేలాడతాది,
దూలం కుంగకుండా
జుట్టు పట్టుకున్నట్టు.

"కప్పు మీద పడతాదనే అందరికీ భయం.
నీది పడిందా? పైకి పోయింది.
కింద దూరిన గాలికి
బరువు ఒక్కటే చాలదు, కట్టు కావాల."
వాళ్ళ అక్క కూతురు కస్తూరి
నల్లద్దం మొహానికి దించుకొని
వాసం వాసానికీ ఇనుప పట్టీ అతికింది,
గోడలో మూరెడు లోతు బోల్టు దింపింది.
సందులో పిల్లోళ్ళు నిప్పురవ్వలు చూస్తామని
బడికి ఆలస్యంగా పోయినారు రెండు రోజులు.

చివర్రోజు మేస్త్రి దూలం పట్టుకొని వేలాడినాడు.
అరవై దాటిన మనిషి, మోకాళ్ళు ముడుచుకొని.
తర్వాత కస్తూరి.
తర్వాత నన్ను రమ్మన్నారు.
షట్టరు దించి, కొంగు దోపుకొని
నేనూ వేలాడినాను.
దూలం కిర్రుమనలేదు,
నా భుజాలే అన్నాయి.

అన్నీ పైకెక్కినాయి, పెద్ద అండా తప్ప.
అటకకు వదిలిన సందు రెండున్నర అడుగులు,
దాని నోరు మూడు.
కిలోలు తూచినాం గానీ
నోరు కొలవలేదు ముగ్గురిలో ఒక్కరమూ.
మేస్త్రి తల గోక్కొని, కూలిలో వంద తగ్గించుకొని పోయినాడు.

అండా దాని పాత చోటనే ఉంది,
ఇన్నేండ్లూ కురిసే రేకు కింద పెట్టిన చోట.
నిన్న రాత్రి వాన గట్టిగా కొట్టింది.
అలవాటు చొప్పున టార్చి పట్టుకొని లేచిపోయి
ఎంత నిండిందో అని వంగి చూస్తే
అడుగున
కస్తూరి రాల్చిన వెల్డింగు పొక్కు ఒకటి,
పొడిగా.