వంతెన కింద మూడు సెంటీమీటర్లు

మా కల్లవేసి సరస్సు గడ్డకట్టాక
కుఓపియోలో పొద్దున్నే అందరూ అడిగేది ఒకటే: ఎంత మందం?
ఎవరు ఎక్కడ బెజ్జం వేశారో, ఎన్ని సెంటీమీటర్లు తేలిందో
రాసుకునే గుంపు మాది. నాలుగొందల మంది.
చేపలు పట్టేవాళ్లు, స్కేటింగ్ పిచ్చివాళ్లు,
అవతలి ఒడ్డుకు అడ్డదారిన డ్యూటీకి పోయే ఒక నర్సు.
తాళంచెవి నా దగ్గరుంటుంది.
నా పేరు కెర్తు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపాను,
బ్రేకు మీద తప్ప దేనిమీదా నమ్మకం లేదు.

తాళమంటే, తెరమీద అడ్రసు పక్కన కనపడే బుల్లి బొమ్మ.
దాని వెనక ఒక సర్టిఫికెట్.
తొంభై రోజులకోసారి దానికి నూరేళ్లూ నిండుతాయి.
తేదీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను.
దానిమీద పళ్ల డాక్టరు చీటీ అంటించి మరిచాను.

జనవరి పద్నాలుగు, రాత్రి.
అందరి ఫోన్లలోనూ ఎర్రటి హెచ్చరిక:
"ఇది సురక్షితం కాదు. వెనక్కి వెళ్లండి."
ఓస్మో ఫోన్ చేశాడు: "కెర్తూ, ఇది సరస్సు గురించేనా?"
ఆ రోజు మంచు ఇరవై రెండు.
గుర్రబ్బండి తోలినా పలికేది కాదు.
నిజం లోపలే ఉంది, గుమ్మంలో ఎవరూ కాలు పెట్టలేదు.
రెండింటికి లేచి, కళ్లజోడు తడుముకుని,
కొత్త సర్టిఫికెట్ తెచ్చి తగిలించాను.
తాళం తిరిగొచ్చింది.
దాంతోపాటే వాడూ వచ్చాడు.

పేరు ఉక్కుపాదం. ముఖం లేదు.
"వంతెన కింద నలభై. కార్లు తీసుకెళ్లండి, పిల్లల్ని కూడా."
వంతెన కింద నీళ్లు నిద్రపోవని
ఈ ఊళ్లో పాలపళ్ల పిల్లకీ తెలుసు.
నిన్న దిగినవాడికి తెలియదు.
ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. ఎంత భద్రంగా వచ్చిందో!
దారిలో ఎవరూ విప్పలేదు, ఒక్క అక్షరం ఒలకలేదు,
నలభైలో సున్నా అంచు కూడా చెదరలేదు.
నా తాళమే దాన్ని చేయి పట్టుకు తెచ్చి దింపింది.
అది దారికి పూచీ. నోటికి కాదు.
తాళం వేశాను, గొళ్ళెం మరిచాను.

తీసేశాను. ఇంకో పేరుతో వచ్చాడు.
వెళ్లగొట్టాను. కిటికీ సందున చలిలా వచ్చాడు.
మూడు రాత్రులు వాదించాను, అదీ నా బుద్ధితక్కువ.
నేను విసిరిన ప్రతి జవాబూ పొయ్యిలో కట్టె అయింది,
వాడు చలి కాచుకున్నాడు.
"ముసలిదానా, భయమైతే బస్సెక్కి కూర్చో" అన్నాడు.
బస్సు సంగతి వాడికెలా తెలుసు?
ఆ రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
సరే, నోరు మూశాను. గునపం తీశాను.

ఆరూ నలభై. మైనస్ పద్దెనిమిది.
నిచ్చెన పరిచి దానిమీద బోర్లా పడుకున్నాను.
నడుముకు తాడు, తాడు కొసన ఒడ్డున ఓస్మో,
ఓస్మో నోట్లో గొణుగుడు.
ఒక్క పోటు. నల్లటి నీళ్లు బుసకొట్టాయి.
"వంతెన కింద 3. కెర్తు." అంతే రాశాను.

వాడు నలభై అన్న ప్రతిసారీ
తిట్టు లేదు, జవాబు లేదు. కింద నా అంకె, గంట, పేరు.
మూడు. నాలుగు. మళ్లీ మూడు, ఆ రోజు ఎండ కాసింది.

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం
నాకంటే ముందే అక్కడో బెజ్జం ఉంది.
పాలమీద మీగడలా పొర కట్టి ఉంది.
ఒడ్డు దాకా పెద్ద బూట్ల గుర్తులు,
అక్కణ్నుంచి ఎవరో పొట్టమీద పాకినట్టు నలిగిన మంచు,
మళ్లీ వెనక్కి బూట్లు.
గుంపులో ఎవరూ అంకె రాయలేదు.
ఓస్మో నా వైపు చూశాడు. నేను నిచ్చెన వైపు చూశాను.
ఆ బూట్లు ఎవరివో ఏ సర్టిఫికెట్టూ చెప్పదు.

ఏప్రిల్ పదిహేనున తాళం గడువు,
ఈసారి చీటీ పళ్ల డాక్టరుకి పైన.
సరస్సు గడువు ఎక్కడా రాసి ఉండదు.

ఇంటికొచ్చి, వేళ్లు కాఫీ కప్పుకి ఆనించి, తిమ్మిరి వదిలాక
రాశాను:
"వంతెన కింద 4. బెజ్జాలు రెండు."